బీపీ మాత్రతో చిగుళ్లు పెరిగితే: మందు మార్చాలా, క్లీనింగ్ చాలా, కోయించాలా?

పై వరుస ముందు పళ్ల మధ్య చిగురు చిన్న పూసలా ఉబ్బుతుంది. నొప్పి ఉండదు కాబట్టి చాలామంది పట్టించుకోరు. నాలుగైదు నెలల్లో ఆ పూసలు ఒకదానితో ఒకటి కలిసి పంటి మీదకి జారుతాయి. పళ్లు పొట్టిగా కనిపిస్తాయి, బ్రష్ తగిలితే రక్తం వస్తుంది, నోరు వాసన వేస్తుంది. అప్పుడు పంటి డాక్టర్ దగ్గరికి వెళ్తే ఒకరు క్లీనింగ్ అంటారు, ఇంకొకరు లేజర్ అంటారు, పక్కింటివాళ్లు బీపీ బిళ్ల మానేయమంటారు. ఈ మూడింటిలో చివరిది మాత్రం చేయకూడదు. చిగురు పెరిగితే సరిచేసుకోవచ్చు, బీపీ అదుపు తప్పి పక్షవాతం వస్తే సరిచేసుకోలేం. మిగతా దారుల్లో ఏది ఎప్పుడు ఎంచుకోవాలో చూద్దాం.

ముందు మీ బిళ్లలో ఏముందో చదవండి

చిగుళ్లను పెంచే బీపీ మందులు ప్రధానంగా ఒకే కుటుంబానికి చెందినవి. వాటిని కాల్షియం ఛానల్ బ్లాకర్లు అంటారు. నిఫెడిపిన్‌తో ఈ సమస్య ఎక్కువ, దాని గురించిన తొలి నివేదికలు 1984లోనే వచ్చాయి. ఆమ్లోడిపిన్‌తో తక్కువ. కానీ ఆమ్లోడిపిన్ వాడేవాళ్లు లెక్కకు మిక్కిలి కాబట్టి మన దగ్గర క్లినిక్కులకు వచ్చే కేసుల్లో ఎక్కువగా కనిపించేది అదే. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో కూడా చాలాచోట్ల మొదట ఇచ్చే బీపీ మందు ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములే. డిల్టియాజెమ్, వెరాపమిల్, ఫెలోడిపిన్ కూడా ఈ జాబితాలోవే.

చాలామంది పొరబడేది జంట మాత్రల దగ్గర. "నేను వాడేది టెల్మా అండీ, ఆమ్లోడిపిన్ కాదు" అంటారు. స్ట్రిప్ తిప్పి చూస్తే పేరు చివర ఏఎం అని ఉంటుంది. ఏఎం అంటే అందులో ఆమ్లోడిపిన్ కలిసి ఉందని అర్థం. ఏటీ అని ఉంటే సాధారణంగా ఆమ్లోడిపిన్‌తో అటెనొలాల్. హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, దానికి చిగుళ్లతో సంబంధం లేదు. టెల్మా ఏఎంహెచ్ అంటే టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్, హైడ్రోక్లోరోథయజైడ్ మూడూ ఉన్నట్టే. ఎస్-ఆమ్లోడిపిన్ 2.5 అని రాసి ఉన్నా అది మామూలు ఆమ్లోడిపిన్ 5కి సమానం. బ్రాండ్ పేరు నమ్ముకోకుండా వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి, కనపడకపోతే మందుల షాపులో చదివించుకోండి. 5 మిల్లీగ్రాములతోనూ చిగుళ్లు పెరిగినవాళ్లున్నారు. చిన్న బిళ్లే కదా అని కొట్టిపారేయొద్దు.

వాపు మందు వల్లే అనడానికి గుర్తులు కొన్ని ఉన్నాయి. మందు మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన ఒకటి నుంచి మూడు నెలల్లో మొదలవుతుంది. రెండు పళ్ల మధ్య ఉండే కోణంలో ముందు పుడుతుంది. ముందు పళ్ల దగ్గర ఎక్కువ ఉంటుంది. పళ్లు లేని చోట సాధారణంగా రాదు. ఈ చివరి గుర్తే అసలు కీలకం: పన్ను ఉంటే పాచి ఉంటుంది, పాచి ఉన్నచోటే మందు తన ప్రభావం చూపిస్తుంది.

మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ కూడా చిగుళ్లను పెంచుతాయి. సైక్లోస్పోరిన్, ఆమ్లోడిపిన్ రెండూ వాడేవాళ్లలో ముప్పు ఇంకా ఎక్కువ.

ఇలా ఎందుకు జరుగుతుంది

చిగుళ్లలో కొల్లాజెన్ అనే పీచు పదార్థం ఒకవైపు తయారవుతూ, ఇంకోవైపు విరిగిపోతూ ఉంటుంది. ఈ కుటుంబం మందులు కణాల్లోకి కాల్షియం వెళ్లకుండా తగ్గిస్తాయి. దాంతో పాత పీచును విరగ్గొట్టే ఎంజైము పని మందగిస్తుంది. తయారీ ఆగదు, తొలగింపు తగ్గుతుంది. దానికి పాచి వల్ల వచ్చే వాపు తోడైతే పెరుగుదల ఊపందుకుంటుంది. పెరిగిన చిగురు కింద ఒక సంచిలాంటి ఖాళీ ఏర్పడుతుంది, బ్రష్ అక్కడికి చేరదు, పాచి ఇంకా పేరుకుంటుంది. అలా ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోతాయి.

ఇందులో మన చేతిలో ఉన్నవి రెండే: మందు, పాచి. కోత ఈ రెండింటినీ ముట్టుకోదు, పెరిగిన కండను మాత్రమే తీస్తుంది. అందుకే కోతను మొదటి పనిగా పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాం.

మందు మార్చడమా, ఉన్నదానితో నెట్టుకురావడమా

వీలుంటే మార్చడమే మేలు. మందు మార్చిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో చిగురు మెత్తబడి తగ్గడం మొదలవుతుంది, పూర్తి ఫలితం తేలడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టొచ్చు. ఎర్రగా, మెత్తగా, తాకితే రక్తం కారే చిగురు బాగా తగ్గుతుంది. ఏళ్ల తరబడి పెరిగి గట్టిపడి, లేత గులాబీ రంగులో రబ్బరులా ఉన్నది మందు మార్చినా పూర్తిగా వెనక్కి పోదు. కాబట్టి త్వరగా పట్టుకున్నవాళ్లకే ఈ దారిలో లాభం ఎక్కువ.

ఏ మందుకు మారాలో రాసేది మీ ఫిజీషియన్ లేదా గుండె డాక్టరే. పంటి డాక్టర్ చేయవలసిన పని, చిగుళ్ల పరిస్థితి వివరిస్తూ ఆయనకు ఒక చీటీ రాసివ్వడం. ఆ చీటీ అడిగి తీసుకోండి. నోటిమాటగా "పంటి డాక్టర్ మార్చమన్నారు" అంటే ఎవరూ పట్టించుకోరు.

నోటి వైపు నుంచి చూస్తే మందుల తేడాలివి. టెల్మిసార్టన్, లోసార్టన్ లాంటివి చిగుళ్లకు చాలావరకు హాయి. మార్చిన ఒకటి రెండు వారాలకు క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించాలి. ఎనలాప్రిల్, రామిప్రిల్ చిగుళ్లను పెంచవు కానీ కొందరికి పొడిదగ్గు, నాలుక రుచి మారడం ఉంటాయి. అరుదుగా పెదవులు, నాలుక వాస్తాయి. అలా వాస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి. నోరు ఎండుతుంది, నోరు ఎండితే పళ్లు పుచ్చుతాయి. మే నెల విశాఖ ఉక్కలో చెమటతో సగం నీరు పోయేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. మెటోప్రొలాల్, అటెనొలాల్ చిగుళ్ల జోలికి రావు, కానీ గుండె కారణం ఏదీ లేనప్పుడు బీపీకి వాటినే మొదట రాయడం ఇప్పుడు తగ్గింది.

సిల్నిడిపిన్ గురించి విడిగా చెప్పాలి. ఆమ్లోడిపిన్‌తో కాళ్లు వాస్తున్నాయంటే చాలామంది డాక్టర్లు దానికి మారుస్తారు, కాళ్లకు అది మంచిదే. చిగుళ్ల విషయానికి వస్తే అదీ అదే కుటుంబం, దానితోనూ చిగుళ్లు పెరిగిన కేసులున్నాయి. చిగుళ్ల కోసమే మారుస్తుంటే కుటుంబం దాటి మారడం మంచిది.

అందరికీ మార్చడం కుదరదు. గుండె నొప్పికి ఆమ్లోడిపిన్ అవసరమైనవాళ్లు, మిగతా మందులు కిడ్నీకి పడనివాళ్లు, మూడు మందులతో గానీ బీపీ దిగనివాళ్లు ఉంటారు. గర్భిణులైతే అసలు టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ వైపు వెళ్లకూడదు, బిడ్డకు ప్రమాదం. వాళ్లకు నిఫెడిపిన్, లాబెటలాల్ లాంటివే వాడతారు. ఇలాంటివాళ్లు నిరాశపడక్కర్లేదు. మందు అలాగే ఉన్నా పాచిని గట్టిగా అదుపులో పెడితే వాపు గణనీయంగా తగ్గుతుంది, కోత అవసరం రాకపోవచ్చు కూడా. కష్టం కాస్త ఎక్కువ, అంతే.

మార్చినవాళ్లు ఒక్కటి మరచిపోవద్దు. ఆమ్లోడిపిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. అందుకే మార్చిన మొదటి రెండు మూడు రోజులు బీపీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, వారం దాటాక అసలు సంగతి తెలుస్తుంది. రెండో వారం, నాలుగో వారం బీపీ చూపించుకోండి.

ఇంట్లో ఏ సాధనం

అసలు పని ఇక్కడే ఉంది, తప్పులు జరిగేదీ ఇక్కడే.

వేప పుల్లా, బ్రష్షా అంటే మామూలు చిగుళ్లకు వేప పుల్లను తప్పుపట్టం. పెరిగిన చిగుళ్లకు మాత్రం అది చాలదు, దాని పీచు చిగురు అంచు కిందకి దూరదు, గట్టిగా రుద్దితే గీరుకుంటుంది. కచ్చిక బూడిద, ఇటుక పొడి, బొగ్గుపొడి, ఉప్పుతో రుద్దడం పూర్తిగా మానేయండి. పంటి పైపొర అరిగిపోతుంది, చిగురు మాత్రం అలాగే ఉంటుంది.

సాఫ్ట్ అని రాసి ఉన్న, తల చిన్నగా ఉన్న బ్రష్ కొనండి. మీడియం, హార్డ్ వద్దు. కుచ్చులను పంటికీ చిగురుకీ కలిసే గీత మీద, 45 డిగ్రీల వాలుగా, చిగురు వైపు పెట్టాలి. రెండు మూడు పళ్లను ఒక గుంపుగా తీసుకుని, అక్కడే చిన్నగా పది పన్నెండు సార్లు అటూ ఇటూ కదిలించి, తర్వాత నమిలే అంచు వైపు తుడిచేయాలి. రంపం కోసినట్టు పొడవునా లాగితే చిగురు కింద పాచి కదలదు. మొత్తం రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో. రాత్రి పూట తోమడం తప్పనిసరి. పొద్దున మానేసినా ఫర్వాలేదు అనడం లేదు గానీ, రెండింటిలో రాత్రిదే ముఖ్యం. కుచ్చులు విచ్చుకున్నా, మూడు నెలలు దాటినా బ్రష్ మార్చాలి.

చేతులు వణికేవాళ్లకు, కీళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కరెంటు బ్రష్ మీద పెట్టే డబ్బు వృథా కాదు. తల గుండ్రంగా తిరిగే రకం మంచిది. దాన్ని పంటి మీద ఆనించి ఉంచితే చాలు, మళ్లీ చేత్తో రుద్దకూడదు. చేతులు బాగా ఆడేవాళ్లకు మామూలు బ్రష్‌తోనే పని జరుగుతుంది.

పళ్ల మధ్యకి ఏది? చిగురు పళ్ల సందును నింపేసి ఉన్నంతకాలం సన్నని ఫ్లాస్ దారమే దూరుతుంది. దాన్ని పంటి చుట్టూ ఆంగ్ల అక్షరం సీ ఆకారంలో వంచి, చిగురు కిందకి కొద్దిగా దింపి, పైకి తుడవాలి. టక్కున నొక్కితే చిగురు తెగుతుంది. క్లీనింగ్ తర్వాత చిగురు దిగి సందు తెరుచుకున్నాక ఇంటర్‌డెంటల్ బ్రష్‌కి మారండి, అప్పుడు అది ఫ్లాస్ కంటే బాగా పనిచేస్తుంది. తీగ వంగకుండా, కాస్త బిగుతుగా వెళ్లే సైజు సరైనది. ఒకే నోట్లో రెండు మూడు సైజులు కావాల్సి రావచ్చు, మొదటిసారి డాక్టర్ చేతే సైజు పెట్టించుకోండి. చివరి దవడ పళ్ల వెనుకకు, వంకర పళ్లకు ఒకే కుచ్చు ఉండే సింగిల్ టఫ్ట్ బ్రష్ ఉంటుంది. మందుల షాపుల్లో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

తేగలు, చెరకు, ఎండుచేప తిన్నాక పీచు చిగురు కింద ఇరుక్కుని రెండు రోజుల్లో చీము గడ్డ కట్టడం మన దగ్గర తరచూ జరిగేదే. అగ్గిపుల్ల, పిన్నీసు పెట్టి తీయకండి. తిన్న వెంటనే గట్టిగా పుక్కిలించి, ఫ్లాస్ వాడండి. మామిడి తాండ్ర పంటికి అంటుకుపోయి గంటల తరబడి ఉంటుంది, దానికీ ఇదే మందు.

రక్తం వస్తోందని తోమడం ఆపేయడం అందరూ చేసే తప్పు. పాచి ఉంది కాబట్టే రక్తం వస్తోంది. మెత్తగా, రోజూ తోముతూ పోతే ఒకటి రెండు వారాల్లో రక్తం తగ్గుతుంది. తగ్గకపోతే లోపల గార, అంటే రాయిలా గట్టిపడిన పాచి, ఉన్నట్టే, అది బ్రష్‌తో పోదు.

పుక్కిలింతలు

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించి ఉమ్మేస్తే బీపీ పెరగదు, మింగకపోతే చాలు. అయితే అది ఉపశమనమే, పాచిని తీయదు. ఆయిల్ పుల్లింగ్ కూడా బ్రష్‌కి బదులు కాదు.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ శక్తిమంతమైనది. 0.2 శాతం ద్రావణం 10 మిల్లీలీటర్లు, అర నిమిషం నుంచి నిమిషం పాటు, రోజుకు రెండుసార్లు, రెండు వారాలు. పేస్టుతో తోమిన వెంటనే వాడితే పేస్టులోని నురగ పదార్థం దాని పని చెడగొడుతుంది, అరగంట ఆగండి. వాడాక అరగంట ఏమీ తినకండి. టీ, కాఫీ ఎక్కువ తాగేవాళ్లకు పళ్లు గోధుమ రంగు పడతాయి, రుచి తేడాగా అనిపిస్తుంది. ఇవి తాత్కాలికమే.

బీపీ ఉన్నవాళ్లు దీన్ని నెలల తరబడి వాడకపోవడానికి ఇంకో కారణముంది. ఆకుకూరల్లోని నైట్రేట్‌ను రక్తనాళాలు సడలడానికి పనికొచ్చే రూపంలోకి మార్చేది నాలుక మీద ఉండే బ్యాక్టీరియా. గట్టి మౌత్‌వాష్ వాటినీ చంపేస్తుంది. కొన్ని చిన్న అధ్యయనాల్లో ఇలా వాడినవారికి బీపీ కొద్దిగా పెరిగినట్టు కనిపించింది. రెండు వారాలకు భయం లేదు. డాక్టర్ చెప్పకుండా సీసా మీద సీసా కొనుక్కోవద్దు.

క్లినిక్‌లో క్లీనింగ్

ఇంటి పని ఎంత బాగా చేసినా గట్టిపడిన గారను స్కేలింగ్‌తోనే తీయాలి. స్కేలింగ్ వల్ల పళ్లు వదులవుతాయన్నది అపోహ. గార పోయాక, వాపు దిగాక అంతకుముందే ఉన్న కదలిక బయటపడుతుంది. చిగురు కింద పంటి వేళ్ల దాకా గార ఉంటే మత్తు ఇచ్చి రెండు మూడు సిట్టింగుల్లో చేస్తారు. నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత చిగురు కింది సంచి లోతు మళ్లీ కొలుస్తారు. కోత కావాలో వద్దో తేలేది ఆ రోజున. మొదటి రోజే "లేజర్‌తో తీసేద్దాం" అంటే, ముందు క్లీనింగ్ చేసి ఆరు వారాలు చూద్దామని అడగడం మీ హక్కు.

చికిత్స రోజున పొద్దున బీపీ బిళ్ల వేసుకుని, టిఫిన్ తిని వెళ్లండి. పంటికి సూది వేస్తారని బిళ్ల మానేసి, ఖాళీ కడుపుతో వెళ్లేవాళ్లు చాలామంది, సరిగ్గా వాళ్లకే కుర్చీలో బీపీ ఎగబాకుతుంది. 180/110 లేదా అంతకు మించి ఉంటే అత్యవసరం కాని పని వాయిదా వేయాలి. వాయిదా వేసిన డాక్టర్‌ను విసుక్కోకండి. మత్తు సూదిలో ఎడ్రినలిన్ ఉంటుంది. గుండె జబ్బు, తీవ్రమైన బీపీ ఉన్నవారికి అది ఒక విడతలో 0.04 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. కాబట్టి మీ జబ్బులు, మందులు ముందే చెప్పండి. పని అయ్యాక కుర్చీలోంచి ఒక్కసారిగా లేవకండి, రెండు నిమిషాలు కూర్చుని లేవండి. బీపీ మందులు వాడేవాళ్లకు కళ్లు తిరగడం మామూలే.

తర్వాత నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ బీపీని పెంచుతాయి, టెల్మిసార్టన్, మూత్రం బిళ్లలు వాడేవాళ్లకు కిడ్నీ మీద దెబ్బ. యాంటీబయాటిక్ అవసరమైతే క్లారిత్రోమైసిన్ ఆమ్లోడిపిన్‌తో కలిస్తే బీపీ పడిపోయే ప్రమాదం ఉందని గుర్తుంచుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు వాటిని సొంతంగా ఆపకూడదు.

కోత తప్పనప్పుడు

ఆరు వారాల శుభ్రత, వీలైతే మందు మార్పు తర్వాత కూడా చిగురు పంటిని కప్పేసి, నమలడానికో, శుభ్రం చేసుకోవడానికో అడ్డొస్తుంటే కోత న్యాయమే. చూడటానికి బాగోలేదన్నదీ సరైన కారణమే.

ఐదారు పళ్ల మేర, కింద ఎముక తరగకుండా ఉంటే కత్తితో గానీ లేజర్‌తో గానీ పెరిగినది చెక్కేస్తారు. ఎక్కువ పళ్లకు ఉన్నా, ఎముక కరిగినా ఫ్లాప్ పద్ధతి మేలు. చిగురును తెరిచి, లోపల శుభ్రం చేసి, పలచగా చేసి కుట్లు వేస్తారు, వారం పది రోజులకు కుట్లు తీస్తారు. లేజర్‌తో రక్తం తక్కువ కారుతుంది, డాక్టర్‌కు పని చేసే చోటు స్పష్టంగా కనిపిస్తుంది, ఖర్చు ఎక్కువ. అంతకుమించి అద్భుతమేమీ లేదు, ఎముక సమస్యను లేజర్ సరిచేయదు, మళ్లీ పెరగకుండా ఆపదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కరెంటుతో కాల్చే ఎలక్ట్రోసర్జరీ వద్దని ముందే చెప్పాలి. షుగర్ కూడా ఉంటే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చూపించండి, అది ఎక్కువగా ఉంటే పుండు త్వరగా మానదు.

మందు మార్చకుండా, పాచి వదిలేసి కోయించుకుంటే మూడు నుంచి ఆరు నెలల్లోనే మళ్లీ పెరగొచ్చు. శుభ్రంగా ఉంచుకుని మూడు నెలలకోసారి క్లీనింగ్‌కి వెళ్లేవాళ్లకు ఫలితం కనీసం ఏడాది నిలుస్తుంది. కోసిన చోట డాక్టర్ ప్యాక్ (మెత్తని కట్టు) వేస్తే, అది ఉన్న వారం పది రోజులు దాని మీద బ్రష్ పెట్టొద్దు, పెరుగన్నం, చల్లని జావ తీసుకోండి, ఆవకాయ జాడీ పక్కన పెట్టండి.

విశాఖలో ఎక్కడికి

చిగుళ్లకు విడిగా పీరియడాంటిస్టులు ఉంటారు, వాళ్లను అడగండి. రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ, సంగివలసలో అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీ ఉన్నాయి. కాలేజీల్లో పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, సిట్టింగులు ఎక్కువ పడతాయి, ఓపిక ఉన్నవాళ్లకు మంచి దారి. గాజువాక, కూర్మన్నపాలెం నుంచి అంత దూరం పదే పదే వెళ్లలేనివాళ్లు దగ్గర్లో పీరియడాంటిస్ట్ వచ్చే క్లినిక్ చూసుకోవడం తెలివైన పని, ఎందుకంటే మూడు నెలలకోసారి వెళ్లగలిగిన చోటే పనికొస్తుంది. బీపీ మందు మార్పు కోసం ఇప్పుడు చూపించుకుంటున్న డాక్టర్ దగ్గరికే వెళ్లండి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఓపీలో చూపించుకునేవాళ్లు పాత చీటీలన్నీ, మందుల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లాలి.

చుట్ట, బీడీ, ఖైనీ అలవాటుంటే దాచకండి. పొగ చిగుళ్ల నుంచి రక్తం రాకుండా చేసి జబ్బును కప్పిపెడుతుంది. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో పెద్ద వయసు ఆడవాళ్లలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు ఇంకా ఉంది. వాళ్ల అంగిలి మీద తెల్లని మచ్చలు, పుండ్లు వస్తే అవి క్యాన్సర్‌కు దారితీయవచ్చు, కాబట్టి చిగుళ్లతో పాటు అంగిలి కూడా తప్పక చూపించాలి.

ఇక మందు మీద నెట్టేయకూడని వాపులు కొన్ని ఉన్నాయి. ఒక్కచోటే గడ్డలా పెరగడం, రెండు వారాలైనా మానని పుండు, పళ్లు తోమకుండానే రక్తం కారడం, దానితో పాటు జ్వరం, నీరసం, ఒంటి మీద కారణం లేని కమిలిన మచ్చలు. ఇలాంటి చిగురు వాపు రక్త క్యాన్సర్‌కు తొలి గుర్తు కావచ్చు. అప్పుడు స్కేలింగ్ కోసం ఎదురుచూడకుండా ఆ రోజే పూర్తి రక్త పరీక్ష చేయించి, జనరల్ మెడిసిన్ డాక్టర్‌కు చూపించండి.